ఇంటి మరమ్మతులకు చేతి పనిముట్లు: దేనికి బదులు ఏది, ఎందుకు

వదులైన తలుపు బందును బిగించడానికో, కారుతున్న కుళాయిని సరిచేయడానికో, ఊగుతున్న కుర్చీని నిలబెట్టడానికో పనిముట్లు కొనాలనుకున్నవారు మొదట తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. వంద వస్తువులు సర్ది ఉన్న పెట్టెను ఒక్కసారిగా కొనడమా, లేక అవసరాన్ని బట్టి ఒక్కొక్కటిగా ఏరుకోవడమా? నేను రెండో పద్ధతినే గట్టిగా సిఫారసు చేస్తాను. పెద్ద పెట్టెలో లెక్కకు వచ్చే వస్తువుల్లో అధిక భాగం చిన్న చిన్న బిట్లూ (పిడికి తగిలించే మొనలు), సాకెట్లూ (నట్టుకు తొడిగే గూళ్లు) అయి ఉంటాయి. వాటిలో చాలావాటితో ఇంట్లో ఎన్నడూ పని పడదు. తరచుగా చేతికి వచ్చే సుత్తి, కటింగ్ ప్లేయర్, స్క్రూడ్రైవర్ మాత్రం పెట్టె ధర తగ్గించడం కోసం నాసిరకంగా ఉండే అవకాశం ఎక్కువ. స్పానర్లు, అలెన్ కీలు (ఆరు మూలల గుంట ఉన్న స్క్రూలను తిప్పే వంపు కడ్డీలు) ఇందుకు మినహాయింపు. అవి కొలతల వరుసలో వచ్చే వస్తువులు కనుక, కావలసిన ఒక్క కొలత లేకపోతే మిగిలినవి ఎన్ని ఉన్నా ఆ పని జరగదు. వాటిని సెట్టుగా కొనడమే మేలు.

ఏది కొనాలన్నా, ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి ఎక్కడెక్కడ ఎటువంటి స్క్రూలు, నట్లు, బోల్టులు ఉన్నాయో చూసి రాసుకోవాలి. తలుపు బందులు, గడియలు, అలమరాలు, కుళాయిలు, మంచాలు, కుర్చీలు, సైకిలు, స్విచ్చు బోర్డులు, ఇవన్నీ చూస్తే చాలు. చేతి పనిముట్టు విలువ దాని గట్టిదనంలో కంటే, పట్టుకోవలసిన వస్తువుకు అది ఎంత సరిగ్గా అమరుతుందన్నదానిలోనే ఎక్కువగా ఉంటుంది. స్క్రూ తల అరిగిపోవడానికీ, నట్టు మూలలు గుండ్రబడిపోవడానికీ, చెయ్యి జారి గోడకు కొట్టుకోవడానికీ చాలాసార్లు కారణం బలం చాలకపోవడం కాదు, కొలత కుదరకపోవడం. కింద చేసిన పోలికలన్నింటిలోనూ నేను మొదట చూసేది ఈ అమరికనే. ఉక్కు నాణ్యత, పిడి సౌకర్యం ఆ తరువాతి సంగతులు.

స్క్రూడ్రైవర్లు

అన్నింటికంటే ఎక్కువగా వాడేదీ, అన్నింటికంటే ఎక్కువగా పొరపాటున ఎంచుకునేదీ స్క్రూడ్రైవరే. ఒంటి గాడి ఉన్న స్క్రూకు చదును మొన గల స్క్రూడ్రైవర్ వాడతాము. ఇక్కడ మొన వెడల్పు గాడి పొడవుకు దాదాపు సమానంగా ఉండాలి, మొన మందం గాడిని పూర్తిగా నింపాలి. మొన సన్నగా ఉంటే గాడి అంచుల మీద మాత్రమే ఒత్తిడి పడి అవి చితికిపోతాయి. వెడల్పుగా ఉంటే పక్కనున్న చెక్క గీసుకుపోతుంది. ఈ రకం మొన గాడిలో పక్కకు జరిగే వీలుంది కాబట్టి వేగంగా తిప్పే పనులకు అది తగినది కాదు. గాడిలో పేరుకున్న రంగును, మురికిని గీసి తీయడం సులువు కావడం మాత్రం దానిలోని మంచి గుణం.

కూడిక గుర్తు గాడి గల స్క్రూలలో అత్యధికంగా కనిపించేది ఫిలిప్స్ రకం. అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ 1936లో దీనికి పేటెంట్లు పొందారు. మొన శంఖాకారంలో ఉండటం వల్ల అది గాడి మధ్యలోకి తానుగా చేరుకుంటుంది. కార్లు తయారుచేసే కర్మాగారాల్లో ఈ గుణానికే దానిని ఆదరించారు. అదే వాలు వల్ల, తిప్పే బలం పెరిగేకొద్దీ మొన పైకి నెట్టుకు వచ్చి జారుతుంది. అందుకే ఫిలిప్స్ స్క్రూను తిప్పేటప్పుడు ముందుకు నొక్కే బలం తప్పనిసరి, ముఖ్యంగా పాత స్క్రూను ఊడదీసేటప్పుడు. ఫిలిప్స్ మొనలకు పీహెచ్ గుర్తుతో పీహెచ్0 నుంచి పీహెచ్3 వరకు దొరికే కొలతల్లో ఇంటి పనికి పీహెచ్2 అధికంగా ఉపయోగపడుతుంది, పీహెచ్1 రెండో స్థానంలో ఉంటుంది, బొమ్మల బ్యాటరీ మూతల వంటి చిన్న స్క్రూలకు పీహెచ్0 కావాలి. కొలత సరిపోయిందో లేదో చూడాలంటే మొనను స్క్రూ తలలో నిలిపి పక్కలకు కదిపి చూడాలి. ఊగిసలాట కనిపిస్తే ఆ స్క్రూడ్రైవర్ దానికి తగినది కాదు.

ఫిలిప్స్‌ను పోలి ఉండే పోజిడ్రైవ్ అనే రకం చాలామందిని తికమక పెడుతుంది. స్క్రూ తలలో ప్రధానమైన నాలుగు గాళ్ల మధ్య మరో నాలుగు సన్నని గీతలు కనిపిస్తే అది పోజిడ్రైవ్. విడి భాగాలుగా వచ్చి ఇంట్లో బిగించుకునే అలమరాల్లో, బల్లల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. దీని గాడి గోడలు ఫిలిప్స్ గోడల కంటే నిలువుగా ఉండటం వల్ల మొన తేలికగా జారదు. అయితే అందులో ఫిలిప్స్ మొన పెడితే ఊగుతుంది, ఫిలిప్స్ స్క్రూలో పోజిడ్రైవ్ మొన పెడితే అడుగు దాకా దిగదు. మీ ఇంట్లో ఇటువంటి సామాను ఉంటే పీజెడ్2 (పోజిడ్రైవ్ రెండో కొలత) మొన ఒకటి విడిగా తెచ్చుకోవడం ఎంతో మంచిది. అది ఒక్కటి ఉంటే ఎన్నో స్క్రూలు చెడిపోకుండా ఉంటాయి. జపాన్‌లో తయారైన పాత యంత్రాల్లో, మోటారు సైకిళ్లలో మరో ప్రమాణానికి చెందిన కూడిక గాడి ఉంటుంది. ఆ స్క్రూ తల మీద చాలావరకు ఒక చిన్న చుక్క గుర్తు కనిపిస్తుంది. ఆరు మూలల నక్షత్రం ఆకారంలో ఉండే టార్క్స్ గాడికి మాత్రం ప్రత్యామ్నాయం లేదు. దాని కొలతకు సరిపడే టార్క్స్ మొన తప్ప మరేదీ వాడకూడదు.

ఇక మొన మార్చుకునే స్క్రూడ్రైవర్ మంచిదా, స్థిరమైన మొన ఉన్నది మంచిదా అన్న ప్రశ్నకు నా సమాధానం, రెండూ కొద్ది కొద్దిగా కావాలి అన్నదే. పావు అంగుళం షట్కోణపు బిట్లు పట్టే పిడి ఒకటి ఉంటే ఎన్నో రకాల తలలకు అదొక్కటే సరిపోతుంది, అరిగిన బిట్టును తీసేసి కొత్తది పెట్టుకోవచ్చు. బిట్టును పట్టే గూడు లావుగా ఉండటం దాని లోపం. లోతైన రంధ్రంలో ఉన్న స్క్రూ దగ్గరకు ఆ గూడు వెళ్లదు. అందుచేత పీహెచ్2, సుమారు 6 మిల్లీమీటర్ల చదును మొన, ఈ రెండింటినీ స్థిరమైన కాడతో కొని, మిగిలిన రకాలకు బిట్లు వాడుకోవడం సరైన పొదుపు. కాడ పొడవుగా ఉంటే తిప్పే బలం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు, కానీ పొడవు వల్ల వచ్చేది అందుబాటు, నిటారుగా పట్టుకునే వీలు మాత్రమే. తిప్పే బలం పిడి లావును బట్టి పెరుగుతుంది. కనుక పిడి మీ అరచేతికి నిండుగా అందుతోందో లేదో పట్టుకుని చూసి తీసుకోవాలి.

స్పానర్లా, సర్దుబాటు రెంచీనా?

ఓపెన్ స్పానర్ నట్టు ఆరు ముఖాల్లో రెండింటిని మాత్రమే పట్టుకుంటుంది. రింగు స్పానర్ చుట్టూ చేరి బలాన్ని ఆరు మూలలకూ పంచుతుంది. కాబట్టి తుప్పు పట్టి బిగుసుకుపోయిన నట్టును కదిలించడానికి రింగు స్పానరే సురక్షితం. అయితే పై నుంచి తొడగడానికి చోటు లేనప్పుడు, నట్టుకు రెండు వైపులా గొట్టం గానీ కడ్డీ గానీ ఉన్నప్పుడు రింగు వాడలేము. ఓపెన్ స్పానర్ తల కాడకు సుమారు 15 డిగ్రీల వాలులో ఉండటానికి మంచి కారణం ఉంది: ఇరుకైన చోట కొద్దిగా తిప్పి, స్పానర్‌ను బోర్లించి మళ్లీ తొడిగితే, 30 డిగ్రీల కదలికతోనే నట్టును చుట్టూ తిప్పవచ్చు. ఒక కొసన ఓపెన్, మరో కొసన అదే కొలత రింగు ఉండే కాంబినేషన్ స్పానర్ ఇంటి పనికి నాకు అన్నింటికంటే నచ్చిన రూపం. రింగుతో పట్టు వదిలించి, ఓపెన్‌తో త్వరగా తిప్పి తీయవచ్చు.

కొలతల విషయానికి వస్తే, స్పానర్ మీది అంకె నట్టు ఎదురెదురు ముఖాల మధ్య దూరాన్ని చెబుతుంది, బోల్టు మందాన్ని కాదు. సాధారణంగా ఎం5 (అంటే 5 మిల్లీమీటర్ల మందం గల) బోల్టుకు 8, ఎం6కు 10, ఎం8కు 13 మిల్లీమీటర్ల స్పానర్ కావాలి. ఎం10కు పాత ప్రమాణం ప్రకారం 17, కొత్త ప్రమాణం ప్రకారం 16 ఉంటుంది కాబట్టి ఆ రెండూ ఉండటం అవసరం. 8 నుంచి 19 వరకు ఉన్న సెట్టు ఇంటి సామానుకూ సైకిలుకూ చాలావరకు సరిపోతుంది. అంగుళాల కొలత నట్ల దగ్గర జాగ్రత్త తప్పదు. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 స్పానర్ దాదాపు సరిపోయినట్టే అనిపిస్తుంది, కానీ బలం పడగానే ఆ చిన్న సందే మూలలను కొరికేస్తుంది.

సర్దుబాటు రెంచీని వృత్తి పనివారు కొందరు తక్కువగా చూస్తారు, కానీ ఇంటికి అది అవసరమని నేను నమ్ముతాను. స్వీడన్‌కు చెందిన యోహాన్ పెట్టర్ యోహాన్సన్ 1890ల మొదట్లో రూపొందించిన ఆకృతినే నేటికీ ప్రపంచమంతటా వాడుతున్నారు. కుళాయి గొట్టాలను కలిపే పెద్ద నట్లు మామూలు స్పానర్ సెట్టు కొలతలను దాటిపోతాయి. అటువంటివాటికి 10 అంగుళాల సర్దుబాటు రెంచీ ఒక్కటి ఉంటే చాలు. దాని లోపం దవడల మధ్య మిగిలే వదులు. చౌకరకం రెంచీలో కదిలే దవడ ముందుకూ వెనక్కూ ఊగుతుంటుంది, కొనేటప్పుడు దానిని కదిపి చూసి, ఊగేదానిని పక్కన పెట్టాలి. వాడేటప్పుడు మరను తిప్పి దవడలను నట్టుకు బిగుతుగా ఆనించి, ప్రధాన బలం స్థిరమైన దవడ మీద పడేలా, అంటే కదిలే దవడ ఉన్న వైపుకు, లాగాలి. ఎదురు దిశలో లాగితే బలమంతా కదిలే దవడ మీద పడి అది తెరుచుకుంటుంది. వీలైనంతవరకు నెట్టకుండా తన వైపుకు లాగడం వల్ల, పట్టు తప్పినా చేతి వేళ్లు దేనికీ కొట్టుకోవు.

పైపు రెంచీ దీనికి ప్రత్యామ్నాయం కాదు. దాని పళ్లు గుండ్రని ఇనుప గొట్టాన్ని కరిచి పట్టుకోవడానికి ఏర్పడినవి; మెరుపు పూత ఉన్న కుళాయి నట్టు మీద వాడితే శాశ్వతంగా గాట్లు పడతాయి. ఇనుప గొట్టాలు లేని ఇంటికి పైపు రెంచీ అనవసరం. దవడ దూరం అంచెలంచెలుగా మార్చుకోగల వాటర్ పంప్ ప్లేయర్ ప్లాస్టిక్ పైపుల బిగింపులకు, సింకు కింది పెద్ద మూతలకు మరింత అనుకూలం.

బిగింపు బలం గురించి ఒక లెక్క తెలిసి ఉండటం మంచిది. 20 సెంటీమీటర్ల కాడ కొసన 10 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగితే దాదాపు 20 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలమానం) బిగింపు వస్తుంది. అదే బలాన్ని 30 సెంటీమీటర్ల కాడ మీద పెడితే 30కి చేరుతుంది. 8.8 గ్రేడు (బోల్టు ఉక్కు బలాన్ని చెప్పే అంకె) ఎం6 బోల్టుకు కావలసిన బిగింపు సుమారు 10 న్యూటన్ మీటర్లే. పొడవైన రెంచీతో చిన్న బోల్టును బిగిస్తే అది తెగిపోవడానికి ఇదే కారణం. స్పానర్ సెట్టులో చిన్న కొలతలకు కాడ కూడా పొట్టిగా ఉండటం ఈ లెక్కను అనుసరించే; దానికి గొట్టం తొడిగి పొడిగించడం ఆ ఏర్పాటును చెడగొట్టడమే అవుతుంది. నట్టు కదలకపోతే తుప్పు వదిలించే నూనె వేసి కొన్ని గంటలు ఆగడం, బలం పెంచడం కంటే ఎంతో ఫలితమిస్తుంది.

అలెన్ కీలు 1.5 నుంచి 10 మిల్లీమీటర్ల వరకు ఉన్న ఒక సెట్టు చాలు. గుండు కొస ఉన్నవి కొంత వాలులో నుంచి కూడా తిప్పగలవు, కానీ గట్టిగా బిగించే పనికి ఆ కొసను వాడకూడదు. పొట్టి వైపున ఉన్న మామూలు కొసను వాడాలి.

ప్లేయర్లు, సుత్తి, రంపం

8 అంగుళాల కటింగ్ ప్లేయర్, 6 అంగుళాల నోస్ ప్లేయర్ రెండూ ఉండటం మంచిది, ఒకటే కొనాలంటే మొదటిదే. తీగను మెలిపెట్టడం, కత్తిరించడం, మేకును పట్టి లాగడం వంటి పనులన్నీ అది చేస్తుంది. నోస్ ప్లేయర్ వేళ్లు దూరని చోట చిన్న వస్తువును అందుకోవడానికి మాత్రమే. మూసినప్పుడు కత్తిరించే అంచుల మధ్య నుంచి వెలుతురు కనిపించకూడదు, తెరిచి మూసేటప్పుడు కీలు దగ్గర పక్క ఊగు ఉండకూడదు. కటింగ్ ప్లేయర్‌తో నట్లు విప్పడం ఇళ్లల్లో ఎంతో మామూలైపోయిన అలవాటు, కానీ ఎంతమాత్రం మంచిది కాదు. దాని దవడలు సమాంతరంగా ఉండవు కనుక నట్టు మూలలు తప్పకుండా దెబ్బతింటాయి. పిడి మీది ప్లాస్టిక్ తొడుగును చూసి విద్యుత్ పనికి పనికివస్తుందని భావించకూడదు. విద్యుత్ పనిముట్లకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 60900ను పాటించిన పనిముట్టు మీద జంట త్రికోణాల గుర్తు, 1000 వోల్టుల అంకె ముద్రించి ఉంటాయి. అటువంటివాటిని 10,000 వోల్టుల వద్ద పరీక్షించి పంపుతారు. ఆ గుర్తు లేని తొడుగు చేతి పట్టు కోసం వేసినదే.

సుత్తుల్లో వెనుక వైపు చీలిక ఉన్న క్లా సుత్తి ఇంటికి తగినది, ఎందుకంటే మేకును కొట్టడంతో పాటు పీకడానికీ అదే పనికొస్తుంది. వెనుక గుండు ఉన్న బాల్ పీన్ సుత్తి లోహాన్ని సాగగొట్టే పనుల కోసం. సుమారు 450 గ్రాముల తల చాలామంది చేతికి సరిపోతుంది, చిన్న మేకులే కొట్టేవారికి 300 గ్రాములది తేలిక. చెక్క పిడి అదురును బాగా పీల్చుకుంటుంది, విరిగితే మార్చుకోవచ్చు. ఫైబర్ పిడి తేమకు ఉబ్బదు, వదులు కాదు. తరచుగా వాడనివారికి ఫైబర్‌నే సూచిస్తాను. ఒక సుత్తిని మరో సుత్తితో కొట్టకూడదు. గట్టిపరచిన ముఖాలు రెండూ తగిలితే పెచ్చులు ఎగిరి కంటికి తగులుతాయి.

లోహానికీ, ప్లాస్టిక్ పైపుకూ హాక్సా, చెక్కకు చేతి రంపం, ఈ రెండింటి పని వేరు. హాక్సా బ్లేడులో పళ్ల సంఖ్యను చూసి ఎంచుకోవాలి: మందమైన కడ్డీకి అంగుళానికి 18 పళ్లు, సాధారణ పనికి 24, పలుచని రేకుకూ సన్నని గొట్టానికీ 32. కోసే వస్తువు మందంలో కనీసం మూడు పళ్లు ఎల్లప్పుడూ ఆని ఉండాలన్నది దీని వెనుక ఉన్న నియమం. లేకపోతే పన్ను అంచుకు తగులుకుని విరుగుతుంది. బ్లేడును పళ్ల మొనలు పిడికి ఎదురు దిశలో, ముందుకు చూసేలా బిగించాలి.

టేపు, రసమట్టం

3 మీటర్ల టేపు జేబులో పడుతుంది, కానీ గది గోడను కొలవడానికి చాలదు. 5 మీటర్లదే ఇంటికి సరైనది. వెడల్పు 19 మిల్లీమీటర్లు గానీ అంతకు మించి గానీ ఉంటే, ఒంటి చేత్తో పట్టుకుని గాలిలోకి చాచినా త్వరగా వంగిపోదు. టేపు మీద రోమన్ అంకె రెండు ఉంటే అది రెండో తరగతి ఖచ్చితత్వం, అంటే 5 మీటర్ల పొడవుకు 1.3 మిల్లీమీటర్ల తేడా వరకు అనుమతి. ఇంటి పనికి ఇది చాలు. కొసన ఉన్న కొక్కెం కొద్దిగా ముందుకూ వెనక్కూ కదలడం లోపం కాదు. తగిలించి కొలిచినప్పుడూ, ఆనించి కొలిచినప్పుడూ కొక్కెం మందం లెక్కలో తేడా రాకుండా చేసిన ఏర్పాటు అది, కాబట్టి దానిని సుత్తితో కొట్టి బిగించకూడదు.

మట్టం చూసే బుడగ పనిముట్టు అయిన రసమట్టం ఎంత పొడవుంటే అంత నమ్మకంగా చూపుతుంది. అలమర, చిత్రపటం వంటివాటికి 60 సెంటీమీటర్లది అనుకూలం, 20 సెంటీమీటర్లదానితో పొడవైన బల్ల మట్టం చూస్తే మోసపోతాము. కొనేటప్పుడు దానిని ఒక చదునైన చోట పెట్టి బుడగ ఎక్కడ నిలిచిందో గుర్తుపెట్టుకుని, కొసలు తారుమారు చేసి అదే చోట మళ్లీ పెట్టాలి. నిలబడిన చోటు నుంచి చూస్తే బుడగ రెండుసార్లూ ఒకే వైపున ఒకే గీత దగ్గర నిలిస్తే రసమట్టం సరైనదే, ఆ చోటు వాలుగా ఉన్నా సరే.

టెస్టరు

కరెంటు ఉందో లేదో చూపే, నియాన్ దీపం ఉన్న టెస్టరును చాలామంది స్క్రూడ్రైవర్‌గా కూడా వాడతారు. దాని కాడ సన్నగా ఉంటుంది, పిడిలో ఉన్న రెసిస్టరు, దీపం మెలికకు తట్టుకునేవి కావు. అందువల్ల ఆ పని దానితో చేయించకూడదు. మన శరీరం గుండా అతి స్వల్పమైన కరెంటు ప్రవహించినప్పుడే ఆ దీపం వెలుగుతుంది. ఎండ వెలుతురులో ఆ కాంతి కనబడకపోవచ్చు, దళసరి రబ్బరు చెప్పులు వేసుకుని ఎండిన చెక్క మీద నిలబడితే మసకబారవచ్చు. వెలిగితే కరెంటు ఉందనడానికి అది మంచి సూచనే, వెలగకపోతే లేదనడానికి మాత్రం చాలిన ఆధారం కాదు. తాకకుండా పసిగట్టే టెస్టరు తీగ తొడుగు మీద నుంచే పనిచేస్తుంది కనుక సౌకర్యమైనది, కానీ పక్క తీగలోని కరెంటుకు కూడా స్పందిస్తుంది, లోహపు గొట్టంలో ఉన్న తీగను పసిగట్టలేదు. స్విచ్చు బోర్డు విప్పే ఉద్దేశం ఉన్నవారు మల్టీమీటరు కొనాలి; ఫేజు, న్యూట్రల్, ఎర్తు మధ్య వోల్టేజీని జంటలుగా కొలిచి చూపేది ఈ మూడింటిలో అదొక్కటే. ఏ పరికరం వాడినా, ఆ బోర్డుకు వచ్చే కరెంటును ఆపిన తరువాత, కరెంటు ఉన్నదని ముందే తెలిసిన మరో చోట దానిని మొదట పరీక్షించి, తరువాత పని చేయవలసిన చోట చూసి, చివరికి మళ్లీ ఆ తెలిసిన చోటనే పెట్టి చూడాలి. ఈ మూడో పరీక్షతోనే పరికరం మధ్యలో చెడిపోలేదని రూఢి అవుతుంది.